నురగ పడేదాకా

నమోదు 1. సోమవారం

దిగువకు వచ్చి వారమైంది. ఈ ఊరి ఆరోగ్యం, శుభ్రత చూసే అధికారిని నేను. పేరు మృత్యుంజయం. వెనకాల అందరూ ‘శుభ్రం బాబు’ అంటారని తెలుసు, అననివ్వండి. సంగతులు నమోదు చేయడం నా విధి కాబట్టి రాస్తున్నాను, కబుర్లు చెప్పుకోవడానికి కాదు.

మేమంతా పుట్టి పెరిగింది చక్రంలో. ఆకాశంలో గిర్రున తిరిగే ఊరు అది. ఆ తిరుగుడు వల్లే మా కాళ్ళు నేలకు ఆనేవి, నీళ్ళు గ్లాసులో ఉండేవి. చక్రం పాతబడింది, ఇక మరమ్మతుకు లొంగదు అని తేలాక, మనిషికో సంచి ఇచ్చి మమ్మల్ని ఈ రాతి చందమామ మీద దింపేశారు. చక్రాన్ని ఆర్పేశారు. ఈ కొత్త ఊరికి ఇంకా పేరు పెట్టలేదు. అందరూ దిగువ అంటున్నారు.

ఇక్కడ దేనికీ సరైన బరువు లేదు. అన్నం గరిటె నుంచి కంచంలోకి దిగడానికి బద్ధకిస్తోంది. ఒంట్లో నీరంతా తలకెక్కి కూర్చోవడంతో అందరి ముక్కులూ దిబ్బడ వేశాయి. మిగతావాళ్ళకు అది చిరాకు, నాకు మాత్రం ఉద్యోగం పోయినంత పని. చక్రంలో మూడు గదుల అవతల పాలు విరిగితే నేను కూర్చున్న చోటి నుంచే చెప్పేవాణ్ణి.

పైగా గింగిరం ఒకటి. పొడవాటి ఇనుప చెయ్యి, దాని చివర వేలాడే కుర్చీ. జోరుగా తిరిగేసరికి కుర్చీ బయటికి ఒరిగి, చక్రంలో ఉన్నంత బరువు మళ్ళీ ఒంటి మీదికి వస్తుంది. ఎముకలు గుల్లబారకుండా ప్రతి ఒక్కరూ రోజూ ఎక్కాలి. నాకు కళ్ళు తిరుగుతాయి. సగం జోరులో రెండు చుట్లు తిరిగి దిగిపోతుంటాను. నిన్న అది కూడా ఎగ్గొట్టాను. ఊరి పెద్ద జుబేదా మేడం చూడలేదనే అనుకుంటున్నాను.

ఇవాళ్టి అసలు సంగతి ఇది. రొట్టెకీ బీరుకీ కావలసిన ఈస్ట్‌ను గాజు గొట్టాల్లో, చల్లపెట్టెలో పెట్టి పంపారు. దిగేటప్పుడు పెట్టెకు కరెంటు ఆగిపోయింది. ఒక్కో గొట్టాన్నీ గోరువెచ్చటి చక్కెర నీళ్ళలో వేసి చూశాను. ఒక్క బుడగ రాలేదు. అన్నీ చచ్చిపోయాయి.

ఇక ఈ ఊళ్ళో బతికున్న ఈస్ట్ ఒక్క వరహాలమ్మ గారి దగ్గరే ఉంది. సంచిలో అయిదు కిలోలు తెచ్చుకోవచ్చంటే నేను చొక్కాలు తెచ్చుకున్నాను. ఆవిడ మారు చీర కూడా వదిలేసి బీరు తోడు తెచ్చారు. సీసా అడుగున బూడిద రంగు ముద్ద. వాళ్ళ ఇంట్లో ఆడవాళ్ళు తరతరాలుగా ఒక జాడీ నుంచి ఇంకో జాడీకి మారుస్తూ బతికించుకొచ్చిన ముద్ద అది. ఆవిడ ఇప్పుడు కట్టుకున్న చీర జుబేదా మేడం ఇచ్చింది.

చక్రంలో వాళ్ళ వీధి వాసన భరించలేకపోతున్నానని నేను ఏటా ఫిర్యాదు పెట్టేవాణ్ణి. ఇవాళ ఆవిడ సీసా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను.

నమోదు 2. గురువారం

వరహాలమ్మ గారు పెద్ద గాజు జాడీలో మొదటి బీరు పెట్టారు. చోళ్ళు, అంటే రాగులు, మొలకెత్తించి, వేయించి, ఉడికించి, ఆ నీళ్ళలో చేదుపూలు వేసి చల్లార్చారు. తుంటి పట్టు వదలక కుంటుతూనే అంతా చేశారు. దిగేటప్పుడు ఆవిడ తుంటి బెణికింది. గింగిరం ఎక్కకూడదని నేనే ఆంక్ష పెట్టాను.

తోడు మొత్తం జాడీలో ఒంపేస్తుంటే అడ్డుపడ్డాను.

“సగం దాచండి వరహాలమ్మ గారూ. ఏదైనా అయితే?”

“దాసుకుంటే అది అలుగుద్ది బాబూ. మా యింట అంతా ఏసీడమే. నురగ పొంగి కిందకి పడ్డాక అడుగునుంచి మళ్ళీ తీసుకుంటాం. నురగ పడకముందు మూత తీసి గరిటెట్టకూడదు.”

“ఎందుకు?”

“మాయమ్మ ఎట్టలేదు. దానమ్మా ఎట్టలేదు.”

అలక సంగతి నాకు తెలియదు కానీ, మాటిమాటికీ మూత తీస్తే మురికి పడుతుందన్నది నిజం. ఆ పట్టింపు నాకు నచ్చింది. సరేనన్నాను. మూతకు గొట్టం బిగించి, దాని కొస నీళ్ళ గ్లాసులో ముంచాం. లోపలి గాలి బయటికి పోతుంది, బయటి గాలి లోపలికి రాదు.

నమోదు 3. శనివారం

నురగ వచ్చింది! గొట్టం కొస నుంచి బుడగలు గ్లాసులోకి టపటపా వస్తున్నాయి. దిగువలో మాతో వచ్చినవి కాక, ఇక్కడ పుట్టిన మొదటి ప్రాణులు ఇవే. ఊరంతా వచ్చి చూసి వెళ్ళింది. నాకు కూడా సంతోషమేసింది, రాయడానికి సిగ్గెందుకు.

వంకలు పెట్టడం నా వృత్తి. ఈ కంటికి కనపడని జీవులకు మాత్రం ఏ వంకా పెట్టలేకపోతున్నాను. ఆకాశం నుంచి రాతి మీదికి పడ్డాయి, బరువు పోయింది, గాలి మారింది. ఒక్కటీ గొణగలేదు. తీపి దొరికింది, పనిలో దిగాయి. మేము దిగినప్పటి నుంచీ ముక్కులు చీదుకుంటూ కూర్చున్నాం.

చక్రంలో అయితే ఈ నురగ బాగా పొంగి, పని అయిపోగానే దానంతటదే కిందికి పడిపోయేదట. అప్పుడే తోడు తీసేవాళ్ళు. దానికోసం చూడాలి.

నమోదు 4. బుధవారం

నురగ పడలేదు. పడకపోగా, తీరు మారింది.

జాడీ మెడ దాకా గోపురంలా లేచి నిలబడింది. బుడగలు నిమ్మకాయలంత ఉన్నాయి, గుండ్రంగా, తడిగా, ఎంత చూసినా పగలకుండా. వాటి మీద గోధుమ రంగు పెచ్చులు కట్టాయి. ఈ ఉదయం పెచ్చుల నడుమ తెల్లటి ముద్దలు తేలాయి. గొట్టంలో టపటపలు మాత్రం దాదాపు ఆగిపోయాయి. అంటే లోపల పని అయిపోయింది, నురగ మాత్రం కదలనంటోంది.

నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకో రాయాలి. చక్రంలో ఒకసారి నురగ పడని జాడీలోంచి బీరు తాగి ఒక వీధి వీధంతా ఆస్పత్రి పాలైంది. ఇద్దరు తిరిగి ఇంటికి రాలేదు. నేను అప్పుడే ఆ ఆస్పత్రిలో ఉద్యోగానికి చేరాను, బకెట్లు మోసింది నేనే. ఆ తర్వాతే నియమం వచ్చింది. నురగ వారంలో పడకపోతే జాడీని వేడిగదిలో పెట్టి, లోపలున్నదంతా చంపి పారబోయాలి. బాగుందని ముద్ర వేస్తే, వేసిన అధికారే అందరికంటే ముందు తాగి ఒక రోజు ఆగాలి. నేను బీరు ముట్టను. పారబోయడమే నాకు అన్నివిధాలా సులువు.

చెడిన బీరు మీద పల్చటి తెల్లపొర కడుతుంది, ముడతలు పడుతుంది, పుల్లటి కంపు కొడుతుంది. ఇక్కడ పొర ఉందో లేదో ఆ గోపురం కింద కనపడదు. వాసన చూద్దామా అంటే ముక్కు లేదు. సూక్ష్మదర్శిని అద్దం దిగేటప్పుడే పగిలింది. జాడీ గాజుకు ముక్కు ఆనించి కూర్చున్న నన్ను చూసి వరహాలమ్మ గారు నవ్వారు.

“ఏటి శుభ్రం బాబూ, ఎంతసేపు అలా సూస్తావు? అది నీకు పిల్లనిస్తాదా?”

“నవ్వకండి. చక్రంలో మీ జాడీలో ఎప్పుడైనా ఇలా నిలబడిందా?”

నవ్వు ఆగిపోయింది. “నేదు,” అన్నారు. “నాకూ భయంగానే ఉంది బాబూ. నీతో సెప్పలేదు.”

ఆవిడ తెలియదన్న విషయాన్ని దాచలేదు. అందుకే ఆవిడంటే నాకు గౌరవం పెరిగింది. ఇద్దరం పప్పులో కాలేశాం అని కూడా అప్పుడే అర్థమైంది. నురగ పడకముందు తోడు తీయకూడదు. తోడు మొత్తం లోపలే ఉంది. నురగ పడదు. పట్టింపు పట్టింపుగానే ఉంది, ఊళ్ళో ఈస్ట్ అంతా ఆ గాజు లోపల ఇరుక్కుంది.

“పట్టింపు పక్కన పెట్టి ఒక చెంచా తీద్దాం,” అన్నాను.

“తీసి? లోపల రోగముంటే సెంచాలోనూ అదే కదా ఉంటాది.”

నిజమే.

నమోదు 5. గురువారం

జుబేదా మేడం వచ్చి జాడీ చుట్టూ తిరిగి చూశారు. ఆవిడ ఎప్పుడూ గొంతు పెంచరు, అదే కష్టం.

“మృత్యుంజయం గారూ, నియమం మీకు తెలుసు. రేపు సాయంత్రం దాకా చూద్దాం. పడకపోతే వేడిగది.”

“మేడం, ఇది చచ్చిపోతే మళ్ళీ తెచ్చుకోవడానికి చక్రం లేదు.”

“మనుషులు చచ్చిపోతే కూడా తెచ్చుకోలేం కదా. మీరు బాగుందని ముద్ర వేస్తానంటే నేను ఆపను. వేస్తారా?”

వేయలేను. తెలియనిదాని మీద ముద్ర ఎలా వేస్తాను? వరహాలమ్మ గారు నా వైపు చూడలేదు. చీర కొంగుతో జాడీ తుడుస్తూ ఉండిపోయారు, లేని మరకలు తుడుస్తూ.

“మా వీధి పోనాది, గోడలు పోనాయి,” అన్నారు మెల్లగా. “మాయమ్మ సెయ్యెట్టినది ఇదొక్కటే మిగిలింది. దీన్ని నేనే మోసుకొచ్చి నేనే సంపుకోవాలా?”

చాలా బాధ వేసింది. ఓదార్పు మాటలు నాకు చేతకావు. గొట్టం కొసన గ్లాసులో నీళ్ళు మార్చి వచ్చేశాను.

సాయంత్రం ఊరి వంటింట్లో గిన్నెలు కడిగే వంతు నాది. సబ్బు ఎక్కువ వేస్తానని అందరూ తిడతారు, వేశాను. గిన్నెలు తోమి, తొట్టె అలాగే వదిలి, భోంచేసి వచ్చాను. తొట్టెలో సబ్బు నురగ నేను వదిలిన ఎత్తులోనే నిలబడి ఉంది. నిమ్మకాయలంత బుడగలు. గుండ్రంగా, తడిగా. అంట్ల జిడ్డు దాని మీద పెచ్చులు కట్టింది.

అక్కడే నిలబడిపోయాను. సబ్బుకి రోగమేమిటి?

వేలు పెట్టి చూశాను. బుడగల సందుల్లో నీరు అలాగే నిలిచి ఉంది. చక్రంలో అయితే ఆ నీరు ఎప్పుడో కిందికి జారేది, బుడగ గోడలు పల్చబడి పగిలేవి, నురగ కూలేది. నీరు కిందికి జారాలంటే బరువు కావాలి. ఇక్కడ నీటికి కిందికి పోవాలన్న తొందర లేదు. మరి జాడీలో నురగకు మాత్రం ఎందుకుంటుంది? ఆ తెల్ల ముద్దలు కూడా రోగం కాకపోవచ్చు. అడుగుకు దిగాల్సిన ఈస్టే, దిగే దారి లేక నురగ మీద కూర్చుని ఉండవచ్చు.

సబ్బు చేతులతోనే వరహాలమ్మ గారి గదికి పరిగెత్తాను. దిగువలో పరిగెత్తడం అంటే గెంతడమే, తల గుమ్మానికి తగిలింది. చేతిలో నురగ చూపించి చెప్పాను. జుబేదా మేడం కూడా వచ్చారు.

“బాగుంది,” అన్నారు మేడం. “కానీ ఇది మీ ఊహ. నురగ మంచిదే కావచ్చు. దాని కింద పొర ఉండీ ఉండవచ్చు. ఊహ మీద ముద్ర వేస్తారా?”

“వేయను. నురగ పడాలి, కింద చూడాలి.”

“పడాలంటే బరువుండాలంతావు,” అన్నారు వరహాలమ్మ గారు. “ఈ ఊర్లో బరువెక్కడుంది?”

అంతలోనే ఆవిడ నా వైపు తిరిగారు.

“ఓలమ్మో! నువ్వు రోజూ ఎగ్గొడతన్నావే, అదేటి మరి?”

జుబేదా మేడం నా వైపు చూసిన చూపు గురించి ఇక్కడ నమోదు చేయడం లేదు.

నమోదు 6. శుక్రవారం

తానే జాడీ పట్టుకుని గింగిరం ఎక్కుతానని వరహాలమ్మ గారు పట్టుబట్టారు. తుంటి సంగతి గుర్తుచేశాను. “నీ ఆంక్ష నువ్వే ఎత్తీ,” అన్నారు. ఎత్తలేదు. కుర్చీలో జాడీ కట్టేసి మనిషి లేకుండా తిప్పుదామంటే మేడం ఒప్పుకోలేదు. బరువు పడి గాజు పగిలితే పట్టుకునేవాళ్ళు ఉండాలి, మూత పైకి లేస్తే అదిమి పట్టాలి, అన్నిటికంటే ముఖ్యంగా నురగ కింద ఏముందో దగ్గరగా చూడాలి. చూసి చెప్పే అధికారం ఉన్నవాణ్ణి నేనే.

కాబట్టి నేనే ఎక్కాను.

జాడీని ఒళ్ళో పెట్టి, దుప్పటితో నా నడుముకు కలిపి కట్టారు. దిగువ బరువులో అది ఒళ్ళో ఉన్నట్టే లేదు. వరహాలమ్మ గారు మూత మీద చెయ్యి వేసి ఏదో అనుకున్నారు. తర్వాత నాతో, “కళ్ళు మూసుకోకు బాబూ. నువ్వు కళ్ళు మూసుకుంతావని అందరికీ తెల్సు,” అన్నారు.

మేడం మీట నొక్కారు.

సగం జోరు వచ్చింది. నేను ఎప్పుడూ దిగిపోయేది ఇక్కడే. జోరు పెరిగింది. కుర్చీ బయటికి ఒరిగింది. చేతులు బరువెక్కాయి, బుగ్గలు బరువెక్కాయి, ఒళ్ళో జాడీ బియ్యం బస్తా అయి కూర్చుంది. తొడలు నలిగిపోతున్నాయి. కళ్ళు మూసుకోలేదు. జాడీ తప్ప ఇంకెక్కడా చూడకపోతే కళ్ళు తిరగడం కొంచెం తగ్గుతుందని అప్పుడే తెలిసింది.

మొదట ఏమీ కాలేదు. నురగ గోపురం అలాగే ఉంది. నా ఊహ తప్పు, ఇక వేడిగదే అనుకున్నాను. వరహాలమ్మ గారి మొహం ఎలా చూడాలా అని దిగులు పట్టుకుంది.

అప్పుడు గాజు వెంట ఒక సన్నటి ధార కిందికి జారింది. దాని వెనకే ఇంకొకటి. బుడగల సందుల్లోంచి తేనె రంగు నీరు దిగడం మొదలైంది. పైనున్న పెద్ద బుడగ పల్చబడి, పల్చబడి, అలా మాయమైంది. తర్వాత పక్కది. గోపురం శిఖరం ఒరిగింది. పెచ్చులు గాజుకు అంటుకుని గోధుమ రంగు గీతగా మిగిలిపోయాయి. తెల్ల ముద్దలు ఒక్కొక్కటే మునిగి, మెల్లగా ఊగుతూ అడుగుకు చేరాయి. నా జన్మలో ఇంత అందమైన కూలడం చూడలేదు. గట్టిగా అరిచాను. ఏమని అరిచానో గుర్తులేదు.

మిగిలిన నురగ పల్చటి చారగా అంచుకు తగులుకుంది. దాని కింద పొర లేదు. ముడత లేదు. తేటగా, నిండుగా ఉంది. మొహం దగ్గరగా పెట్టి అన్ని వైపులా చూశాను. ఏమీ లేదు.

ఇంకో సంగతి జరిగింది. దీన్ని ఎలా నమోదు చేయాలో తెలియడం లేదు. తలలో ఏదో దిగినట్టైంది. చెవుల్లో టప్‌మంది. ముక్కు తెరుచుకుంది.

నీళ్ళ గ్లాసు తీసేసిన గొట్టంలోంచి వస్తున్న గాలి నా మొహం మీదే పడుతోంది. అప్పుడే కాల్చిన రొట్టె వాసన. దానికింద మగ్గిన అరటిపండు. దానికింద వేయించిన చోళ్ళు. పులుపు జాడ ఎక్కడా లేదు. అది వరహాలమ్మ గారి వీధి వాసన. నేను చిన్నప్పుడు బడికి వెళ్ళిన దారి వాసన, మా అమ్మ నన్ను రొట్టెకు పంపిన వీధి వాసన. ఏటా ఫిర్యాదు పెట్టిన వాసన. చక్రం ఆర్పేసిన నాడు కూడా నాకు ఏడుపు రాలేదు. గింగిరంలో, ఒళ్ళో జాడీ పెట్టుకుని, ఊరంతా చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చాను.

దించాక మేడం కంగారుగా అడిగారు, “ఏమైంది? పాడైందా?”

“లేదు,” అన్నాను. “ముక్కు వచ్చింది.”

“పూర్తి జోరులో అందరికీ వస్తాది,” అన్నారు వరహాలమ్మ గారు కళ్ళు తుడుచుకుంటూ. “నువ్వు ఎగ్గొడతావు కాబట్టి నీకు తెల్దు.”

నమోదు 7. శుక్రవారం, అదే రోజు

ముద్ర వేశాను. నియమం ప్రకారం మొదటి గ్లాసు నాకే ఇచ్చారు. చేదుగా ఉంది. రెండో గుక్కకు తక్కువ చేదుగా ఉంది. ఊళ్ళో సగం మంది నన్ను చూడ్డానికే వచ్చారు. “ఒక రోజు ఆగండి,” అని అందరినీ పంపేశాను. గ్లాసు మాత్రం ఖాళీ చేశాను.

నమోదు 8. శనివారం

నాకు ఏమీ కాలేదు. ఆకలి బాగా వేసింది.

వరహాలమ్మ గారు మూత తీసి, అడుగు నుంచి తోడు తీశారు. ఎప్పుడూ లేనిది, సగం దాచారు. “అలుగుద్దేమో?” అన్నాను. “గింగిరం ఎక్కొచ్చినాక దానికి అలకేటి?” అన్నారు. కొంత వంటింటికి రొట్టెలకు వెళ్ళింది. జుబేదా మేడం పాత నియమం కొట్టేయలేదు. కింద ఒక వాక్యం రాయించారు: నురగను పూర్తి బరువులో చూసి తీర్పు చెప్పాలి. ఆ నియమం పుట్టడానికి కారణమైన ఇద్దరి కోసం అది అలా ఉండడమే మంచిది.

మొదటి తోడు ఎవరికివ్వాలో వాళ్ళ ఇంట్లో ఒక పట్టింపు ఉందట. నురగ పడేటప్పుడు జాడీ ఎవరి ఒళ్ళో ఉంటే వాళ్ళకట. అది ఆవిడ అప్పటికప్పుడు కల్పించారని నా అనుమానం. అయినా చిన్న సీసా తెచ్చి నా చేతిలో పెట్టారు. “జాగర్త బాబూ, నువ్వు పోతే ఇది ఉంటాది. ఇది పోతే మాయమ్మ ఉండదు.”

“అలాగే అప్పా,” అన్నాను. వాళ్ళ వీధిలో అక్కను అప్ప అంటారు. ఆవిణ్ణి గారు అనకుండా పిలవడం ఇదే మొదటిసారి.

సీసా నా గదిలో, మంచం పక్కన ఉంది. చిన్న చిన్న బుడగలు లేస్తున్నాయి. మూత దగ్గర ముక్కు పెట్టి చూశాను. దిబ్బడ. ఏమీ తెలియలేదు.

రేపు గింగిరంలో మొదటి వంతు నాదే అని ఇవాళే పేరు రాయించాను. పూర్తి జోరు. సీసాతో.